భాగ్యమ్మ పాటలో గోవిందు పేరు

"ఈ పాట ఎవలు రాసిన్రు?"

కౌంటర్ మీద పుస్తకం టప్పున పడింది. శ్రవణ్ కుమార్ తలెత్తాడు. ఎదురుగా ఒక పిల్ల. కళ్లు పెద్దవి. కోపం ఇంకా పెద్దది.

"గోవిందు సేటు, మేడం. ఆఖరి చరణంల పేరుంది గద."

"మా తాత అనంతయ్య రాసిండు! ఆయన పేరు తీసి మిల్లు సేటు పేరెట్ల పెడ్తవు?"

గద్వాలలో శ్రవణ్ వాళ్ల ప్రెస్సు పద్ధతే అది. కోలాటం పాటల పుస్తకం ఎవరు అచ్చు వేయిస్తే, ఆఖరి చరణంలో వాళ్ల పేరు ఇరికించడం. నాయన కాలం నుంచీ అంతే. ఒక్కరూ అడిగింది లేదు.

"తాత ఉన్నడా?"

"నలభై ఎనిమిదిల పోయిండు."

"ఇంకేంది మల్ల! పోయినోళ్ల పాటలు అందరియి."

"పోయినంక అరవై ఏండ్లు నిండాలె. ఈ రెండువేల ఎనిమిది డిసెంబర్ దాంక హక్కు మా నాయనమ్మది. నేను లా చదువుతున్న."

శ్రవణ్ ఆమె ముక్కుపుడకనే చూస్తున్నాడు.

"ఏం జూస్తున్నవ్?"

"హక్కు ఎవలిదో జూస్తున్న."

ఆ పిల్ల పేరు సుమన. ఊరు ఇటిక్యాల. మర్నాడే అతను ఇటిక్యాల బస్సెక్కాడు. తప్పు ఒప్పుకోవడానికేనని తనకు తాను గట్టిగా చెప్పుకున్నాడు.

నాయనమ్మ భాగ్యమ్మ గడపలో కూర్చుని వక్క కొరుకుతోంది.

"పాడుకోనీ బిడ్డా, అందరు పాడుకోనీ. పాటను పెట్టెల పెట్టి తాళమేస్తమా? గని మొగని పేరు నేను నోట పలుకొద్దు. ఆ పేరు ఆ పాటల్నే వింట. పెండ్లయిన కొత్తల నా మీదనే కట్టిండు. 'కాలువ గట్టున భాగ్యమ్మా, కడవ దించవే భాగ్యమ్మా' అని. ఆఖరి చరణంల ఆయన పేరుండె. నువ్వేం పెట్టినవ్?"

శ్రవణ్ నేల చూస్తూ చెప్పాడు. "'గోవిందు నీ వెంట వచ్చెనే'..."

"ఎనభై ఏండ్ల ముసల్దాన్ని! మిల్లు సేటు నా వెంటబడ్డడని ఆడోళ్లంత నవ్వుతున్రు!"

తలుపు వెనక సుమన కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె కోపం కంటే నవ్వే ఎక్కువ ప్రమాదం అనిపించింది శ్రవణ్‌కు.

అంతలో గోవిందు సేటే బండి దిగాడు. మొహం వాడిపోయి ఉంది.

"అవ్వా, నీ కాళ్లు మొక్కుత. పాటల ఉన్న భాగ్యమ్మ ఎవతె అని మా ఇంటామె సుభద్రమ్మ బువ్వ పెడ్తలేదు. ముసలవ్వ అంటే నమ్మది!" శ్రవణ్‌ను చూసి అరిచాడు. "ఒరేయ్, అన్ని పుస్తకాలల్ల నా పేరు పీకెయ్‌రా!"

పీకేదేముంది, అతికించాలి. అనంతయ్య పేరు చీటీల మీద అచ్చేసి, మైదా గంజితో గోవిందు పేరు మీద అంటించాలి. ఆదివారం వస్తే సుమన ప్రెస్సులో ఉండేది. "నీ మీద నమ్మకం లేదు" అంటూ పక్కనే కూర్చునేది.

శ్రవణ్ చీటీలు తలకిందులుగా అంటించేవాడు. ఆమె తీసి మళ్లీ అంటించేది.

"కావాల్నని చేస్తున్నవ్ గద?"

"జర పరేషాన్‌ల ఉన్న."

"ఎందుకు?"

చేతులకు మైదా. శ్రవణ్ ఇంకో చీటీ తలకిందులుగా అంటించాడు.

డిసెంబర్ చివర్లో పుస్తకాలన్నీ అయిపోయాయి, పని ఒడిసింది.

"జనవరి నుంచి పాటలు అందరియి," అంది సుమన. "మమ్మల్ని అడిగే పనిలేదు. పేరు మాత్రం ముట్టకు."

"ముట్ట. గని... అడగనీకి మీ ఇంటికి రావొద్దా?"

"వచ్చి ఏం చేస్తవ్?"

ఆ రోజు శ్రవణ్‌కు అన్నం సయించలేదు.

జనవరి ఒకటిన పొద్దున్నే ఇటిక్యాలలో దిగాడు.

"పాటల కోసం రాలే అవ్వా. మీ మనవరాలిని..."

"ఆగు," అంది సుమన. "పాటల హక్కంటే నిన్నటిదాంక నాయనమ్మది. నా సంగతి నన్నడుగు."

"నన్ను... పెండ్లి చేసుకుంటవా?"

"చదువు ఒడిసినంక చెప్త."

"అప్పటిదాంక?"

"వారం వారం వచ్చి అడుగు."

"పిల్లగాన్ని బస్సుల చుట్టు తిప్పుతవేందే?" భాగ్యమ్మ కసిరింది. "ఇష్టమే గద, చెప్పరాదు?"

సుమన తల వంచుకుంది. "ఇష్టమే. అడుగుడు మాత్రం బంద్ చెయ్యొద్దు."

శ్రవణ్ అక్కడికక్కడే ఇంకోసారి అడిగాడు.