తలకిందులుగా కుట్టిన పుస్తకం

టైలరు ప్రతి శుక్రవారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బడికి పోయింది మేనకోడలి కోసం కాదట, టీచరమ్మ కోసమట. కింది వాటా ఆవిడ మెట్ల దగ్గర ఆ మాట అందో లేదో, టైలరు తల్లి ఆయాసపడుతూ మూడంతస్తులు ఎక్కి దాన్ని మోసుకొచ్చింది.

"ఇంకెక్కడి బడమ్మా! రెండు వారాలుగా అటు తొంగి కూడా చూడలేదుగా," అన్నాడు కొడుకు, మిషన్ మీంచి తల ఎత్తకుండా.

ఎలా చూస్తాడు? మొహం చెల్లాలిగా.

వాళ్లింట్లో మాట్లాడే భాష వేరు, బడి భాష వేరు. అక్కకి ఫ్యాక్టరీలో షిఫ్టులు. అందుకని పాప చదువు మామయ్య నెత్తిన పడింది. శుక్రవారం శుక్రవారం టీచరు ఒక బొమ్మల పుస్తకం ఇచ్చి పంపేది. పెద్దవాళ్లెవరైనా పిల్లకి చదివి వినిపించి, డైరీలో ఒక లైను రాసి, సంతకం పెట్టాలి. టైలరుకి బడి భాష మాట్లాడటం వచ్చు గానీ, ఒక్క అక్షరం చదవటం రాదు. ఇంకో పిల్లాడి డైరీలో "బాగా చదివాం" అని ఉంటే, దాన్ని ఎంబ్రాయిడరీ డిజైనులా చూసి దింపుకున్నాడు. పదకొండు వారాలు అదే దింపాడు.

పన్నెండో వారం పుస్తకం చినిగింది. ఊడిన నాలుగు పేజీలనీ పెళ్లిబట్టలు కుట్టినంత శ్రద్ధగా కుట్టి, నీలం గుడ్డతో అంచు కూడా కట్టాడు. ఆ పేజీల్లో బొమ్మల్లేవు. అన్నీ అక్షరాలే.

పెద్దవాళ్ల మీటింగులో టీచరు మెచ్చుకుందామనే ఆ పుస్తకం పైకెత్తింది. "చూడండి, ఎంత ముచ్చటగా కుట్టారో!" అంటూ తెరిచింది. నాలుగు పేజీలూ తలకిందులు. పక్కనే డైరీలో "బాగా చదివాం". గది గొల్లుమంది. టీచరు కూడా ఫక్కున నవ్వేసింది.

అందరి నవ్వూ ఒక ఎత్తు, ఆ ఒక్క నవ్వూ ఒక ఎత్తు. విరిగిన సూదిలా లోపలే ఉండిపోయింది.

తల్లి ఆ మాట మోసుకొచ్చిన సాయంత్రమే వాన పట్టుకుంది. ఎవరో తలుపు కొట్టారు. చూస్తే గొడుగు ఉన్నా తడిసిపోయిన టీచరు.

"ఈ కోటు చెయ్యి కాస్త సరిచెయ్యాలండీ."

"ఎడం చెయ్యి. అరంగుళం పొడుగు."

"మీకెలా తెలుసు?"

"మూడు నెలలుగా..." టైలరు నాలుక కరుచుకుని టేపు కోసం వెతికాడు. అది మెడలోనే ఉంది.

టీచరు నవ్వబోయి ఆగిపోయింది. "మీ ముందు నవ్వాలంటే భయమేస్తోందండీ. కోటు ఒక వంక. ఆ రోజు నేను చేసింది తప్పు."

"దొంగ రాతలు రాసింది నేను కదండీ. మీదేం తప్పు?"

"మరి పుస్తకం తీసి పాపకేం చెప్పేవారు?"

"బొమ్మలు చూసి నోటికొచ్చిన కథ. మా భాషలో."

టీచరు మొహం పాలిపోయింది. "ఏనుగు చొక్కాకి బొత్తాలు చాలని కథ... అది మీదా? క్లాసులో పాప వచ్చీరాని మాటల్లో చెప్పింది. పుస్తకంలో లేనివి కల్పిస్తోందని దాని నోట్‌బుక్కులో ఎర్ర గీత కొట్టానండీ నేను."

టైలరు ఊరికే మిషన్ చక్రం ఒక చుట్టు తిప్పాడు.

"శుక్రవారం వచ్చి ఆ కథ మీ భాషలోనే చెప్పండి," అంది టీచరు. "పిల్లలు బొమ్మలేస్తారు. రెండు భాషల్లోనూ పుస్తకం చేద్దాం. మీ భాష మీరు నాకు నేర్పండి. మా అక్షరాలు నేను మీకు నేర్పుతాను."

"ఎన్నాళ్లు పడుతుందండీ?"

"మొద్దయితే చాలా కాలం."

"నేను చాలా మొద్దునండీ," అన్నాడు టైలరు గబుక్కున.

"అబద్ధం కాదమ్మా, నేను సాక్ష్యం," అంది తల్లి వంటింట్లోంచి.

టీచరు మొహం విప్పారింది. బల్ల కింద గుడ్డముక్కలు పేర్చుకుంటున్న పాపని చూసి, "ఏమే, పేజీలు తలకిందులని నువ్వైనా మీ మామయ్యకి చెప్పొద్దూ?" అంది.

పాప తల ఎత్తింది.

"కుట్టేటప్పుడే చూశాను టీచర్. చెబితే మామయ్యకి సిగ్గేస్తుందని చెప్పలేదు. మీరెందుకు అందరికీ చూపించారు?"