మూడో బెల్టు

ఆ ఇంట్లో మామగారికీ కోడలికీ మాటలు లేక పద్నాలుగు నెలలు. మాటల్లేవంటే ఇల్లు నిశ్శబ్దంగా ఉందని కాదు. ఒకరినొకరు అనుకోవలసినవన్నీ గోడకో గడియారానికో చెప్పి అనుకుంటూనే ఉన్నారు. మధ్యలో అడకత్తెరలో పోకచెక్కలా నలిగింది అత్తగారు.

ఆ రోజు కూడా అలాగే తెల్లారింది. కోడలు వసారాలో కూతురికి జడలు వేస్తోంది. ఆరేళ్ల పిల్ల. తల ఒక్క క్షణం నిలపదు కాబట్టి ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. ఆమె మొగుడు, ఆ ఇంటి కొడుకు, పోస్టాఫీసు ఉద్యోగానికి వేళవుతోందని ఇస్త్రీ చొక్కా వెతుక్కుంటున్నాడు. పెరటి షెడ్డులో మామగారు బగ్గీ పక్కన చతికిలబడి, ఇంజిన్ పక్క మూత విప్పుతున్నాడు.

బగ్గీ అంటే ఇద్దరు పక్కపక్కన కూర్చుని, వెనక తొట్టిలో సామాను వేసుకుని, రాళ్లూ బురదా లెక్కచేయకుండా కొండెక్కే బండి. కంపెనీవాళ్లు దాన్ని సైడ్ బై సైడ్ అంటారు. కోడలు దాంతో కొండమీది విడిదికి సరుకులూ మనుషులూ చేరవేస్తుంది, కూతుర్ని కొండవతల బడిలో దింపుతుంది. దారిలో ఎదురైనవాళ్లు ఆమెను డ్రైవరమ్మా అని పిలుస్తారు. ఆ పిలుపు వింటే ఆమెకు ఎక్కడలేని ఓపికా వస్తుంది. మామగారికి మాత్రం ఒళ్లు మండుతుంది.

కారణం లేకపోలేదు. ఆ షెడ్డులో ముప్ఫయ్యేళ్లు ఆయన పిండిమర తిరిగింది. జనం ప్యాకెట్ల పిండికి అలవాటుపడ్డాక ఆగిపోయింది. బగ్గీకి చోటు కావాలని మర విప్పించిన రోజున కోడలు, తిరగని మరకి ఇంత చోటెందుకు అంది. చీపురు చేత్తో పట్టుకుని, పనిలో పనిగా అన్న మాట. ఆయనకది ములుకులా దిగింది. మర్నాటి నుంచి ఆమెతో మాట మానేశాడు. ఆమె మాత్రం తక్కువ తిందా? నెల్లాళ్లు చూసి తనూ మానేసింది.

మాట మానేశాడు కానీ బండిని మానలేకపోయాడు. మనవరాలు ఎక్కే బండి అది. అందులో ఇంజిన్ బలం చక్రాలకు అందేది ఒక రబ్బరు బెల్టు మీదుగా. అది తెగితే ఎగుడులో బండి కదలదు. దిగుడులో అయితే ఇంజిన్ పట్టు తప్పిపోయి బండి తనంతట తాను పరిగెడుతుంది. మొదటి బెల్టు తెగిందని విన్న రోజు ఆయనకు ముద్ద దిగలేదు. బెల్టుల సంగతి తనకు తెలిసినంత ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? మర బెల్టు జారకుండా ముప్ఫయ్యేళ్లు కాపాడిన మందొకటి ఆయన దగ్గర ఉంది. ఆముదంలో గుగ్గిలం వేసి కాచిన ముద్ద. అప్పటినుంచి వారానికోసారి, కోడలు పిల్లకు జడలు వేసే వేళ చూసుకుని, మూత విప్పి ఆ ముద్దను బెల్టు అంచులకు పట్టించి, మళ్లీ బిగించి, ఏమీ ఎరగనట్టు వచ్చి పేపరు పట్టుకునేవాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే కోడలి బండికి సేవ చేస్తున్నాడని ఇంట్లో నవ్వుకుంటారని ఆయన భయం.

కొత్తగా వేసిన మూడో బెల్టుకు ఆ పొద్దున రెండు రెట్లు పట్టించాడు.

ఫలహారాల దగ్గర కోడలు తన నోటుబుక్కు తెరిచి మొగుడికి వినిపించింది. మొదటి బెల్టు నాలుగు వేల కిలోమీటర్లు వచ్చింది. రెండోది ఆరు వందలకే నారనారగా ఊడింది. విడిదివాళ్ల ఆకుపచ్చ బండికి అయిదు వేలు దాటినా బెల్టు చెక్కుచెదరలేదు. ఇంకో కంపెనీది అసలు బెల్టే లేకుండా గేర్లతో నడుస్తుందట. వేగం తక్కువ, కుదుపు ఎక్కువ, కానీ తెగడానికి ఏమీ ఉండదు. ఈ మూడోది కూడా పోతే బండి మార్చేద్దామంది.

మామగారు గడియారంకేసి చూశాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. యాక్సిలరేటరు మీద కాలు బరువైనవాళ్లకి ఏ బండయినా ఒకటే. ఏ మగాణ్ణో పెట్టి నడిపిస్తే ఈ పాటికి మొదటి బెల్టే ఉండేది."

కోడలు నోటుబుక్కు మూసింది. "అత్తయ్యా, ఆ గడియారానికి కాస్త చెప్పండి. నా బండి వారానికి ఆరు రోజులు తిరుగుతోంది. తిరగడం ఎప్పుడో మానేసినవాటికి దాని కష్టం తెలీదని."

అత్తగారు ఎవరి వైపూ చూడకుండా ఖాళీ గ్లాసుల్లో నీళ్లు పోసింది. కొడుకు తనకు ఆలస్యమైందన్నాడు. ఆ ఇంట్లో అతనికి ఆలస్యం కానిదెప్పుడు?

గంట తిరక్కుండా కోడలు నడిచి వచ్చింది. చంకలో పిల్ల, మోకాళ్ల దాకా బురద, మోచెయ్యి గీరుకుపోయి రక్తం. బడి వైపు దిగుడులో బెల్టు తెగింది. బండి ఒక్కసారిగా వదులైపోయి పరుగందుకుంది. బ్రేకు తొక్కి తొక్కి, మలుపులో లోయ కనబడుతుండగా, స్టీరింగు కొండవైపు కోసి మట్టిగట్టుకు గుద్దించి ఆపింది. పిల్లకు చిన్న దెబ్బ కూడా తగల్లేదు. కానీ ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు పెడుతోంది.

మామగారు పిల్లను లాక్కుని, తల నుంచి కాళ్ల దాకా తడిమి చూశాడు. పిల్ల క్షేమమని తెలిశాక ఆ భయమంతా కోపంగా మారింది. ఇక ఆ తాళంచెవి ఆవిడ చేతిలో ఉండడానికి వీల్లేదని భార్యతో అన్నాడు. పోస్టాఫీసు నుంచి పరుగెత్తుకొచ్చిన కొడుకుతోనూ అదే అన్నాడు. పిల్ల ప్రాణంతో ఆటలాడే పనికి డ్రైవరమ్మ అని పేరొకటా అన్నాడు. కోడలు గుమ్మంలో కూర్చుని దారికేసి చూస్తోంది.

మధ్యాహ్నం దాటాక కంపెనీ మేస్త్రీ బగ్గీని లాక్కొచ్చి షెడ్డు ముందు నిలిపాడు. నెరిసిన మీసాల మనిషి, మాట తక్కువ. మూత విప్పి బెల్టు ముక్కలు బయటికి తీశాడు. వేళ్లకు అంటుకున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత లోపల బెల్టు తిరిగే రెండు పుల్లీలనూ గోటితో గీకి చూశాడు.

"దీనికి ఎవరో ఏదో పూశారమ్మా," అన్నాడు. "ఇది మామూలు బెల్టు కాదు. ఈ రెండు పుల్లీల చెంపల మధ్య పైకీ కిందకీ జారుతూ ఉండాలి. జిగురు పూస్తే అంటుకుపోతుంది, వేడెక్కుతుంది, కాలి తెగుతుంది. అదృష్టం బాగుంది మీకు."

అయితే బండి చెడ్డది కాదా అని కొడుకు అడిగాడు. బెల్టు బండ్లన్నీ ఇంచుమించు ఒకటేనన్నాడు మేస్త్రీ. ఎగుడులో చిన్న గేరు వేసి, గాలి దారి శుభ్రంగా ఉంచి, బెల్టును పొడిగా ఉంచితే ఏ కంపెనీదైనా వేల కిలోమీటర్లు వస్తుంది. గేర్ల బండి రోగాలు గేర్ల బండికుంటాయి. ఈ అమ్మ నడిపిన తీరులో తప్పేమీ కనబడలేదని, ఆ మలుపులో తనైనా అంతకంటే బాగా ఆపలేడని కూడా అన్నాడు. పుల్లీలు కడిగి కొత్త బెల్టు వేయడానికి రేపు వస్తానని వెళ్లిపోయాడు.

మంచి మాట ఎవరూ చెవిన పెట్టలేదు. చెడ్డ మాట ఒక్కటే అక్కడ మిగిలింది. కొడుకు పెళ్లాం వైపు తిరిగాడు.

"ఆ మూత నువ్వు తప్ప ఈ ఇంట్లో ఎవరు విప్పుతారు?"

"నేనెందుకు పూస్తాను?"

"నాకేం తెలుసు? ఇది కూడా పోతే గేర్ల బండి కొనొచ్చని పొద్దున నువ్వే అన్నావు కదా."

అత్తగారు, ఒరేయ్ నీ నోరు పడిపోను అని కొడుకును కసిరింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని నా బెల్టు నేనే తెంపుకున్నానంటారు," అంది కోడలు. గొంతు పెంచలేదు. "సరే. ఇదిగో తాళంచెవి. ఎవర్ని పెట్టుకుంటారో పెట్టుకోండి. నేనిక స్టీరింగు పట్టను."

తాళంచెవి అరుగు మీద పెట్టింది. సరిగ్గా మామగారి పక్కన.

ఏడాదిగా ఆయన కోరుకున్నది నడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. నోట్లో వెలక్కాయ పడినట్టయింది ఆయనకు. గోళ్ల సందున గుగ్గిలం ఇంకా అంటుకునే ఉంది. తువ్వాలు కింద చేతులు దాచుకున్నాడు. మేస్త్రీ వెళ్లిపోయాడు. తను నోరు మెదపకపోతే చాలు, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. కోడలు ఇంట్లో ఉంటుంది, బండి ఎవడో నడుపుతాడు. కానీ ఆ మలుపు ఆయనకు తెలుసు. కొండవైపు కొయ్యడానికి అక్కడ ఎంత చోటుంటుందో తెలుసు. ఎవరు తొయ్యబోయారు తన మనవరాల్ని ఆ లోయలోకి? ఎవరు లాక్కొచ్చారు? కన్నీళ్లు జలజలా రాలాయి.

"అమ్మాయ్," అన్నాడు.

పద్నాలుగు నెలల తర్వాత వచ్చిన పిలుపు. అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"అది గుగ్గిలం. నేనే పూశాను. రెండోదానికీ నేనే."

కోడలు వెంటనే తల తిప్పలేదు.

"ఎందుకు?"

"జారకూడదని. మర బెల్టుకి అలాగే పూసేవాణ్ణి. పిచ్చుక ఎక్కుతుంది కదా. నువ్వూ ఎక్కుతావు."

అప్పుడు తిరిగింది ఆమె. కళ్లల్లో నిప్పులు. "బండితో ఇచ్చిన పుస్తకంలో మొదట్లోనే ఉంది, నూనె చుక్క కూడా తగలకూడదని. నన్నొక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని కదా. ఒక్క మాట."

"అడిగితే నీతో మాట్లాడినట్టవుతుందని..."

తువ్వాలు తీసి పక్కన పెట్టాడు, గుగ్గిలం అంటిన గోళ్లు బయటపడ్డాయి.

"మీ పంతానికి ఇవాళ నా పిల్ల లోయలో ఉండేది," అంది కోడలు. ఇంకా చాలా అంది. మర గురించి, మగాణ్ణి పెట్టాలన్న మాట గురించి, ఇన్నాళ్లు మింగినవన్నీ. అత్తగారు ఆపబోతే మామగారే చెయ్యెత్తి వద్దన్నాడు. ప్రతి మాటకూ అవునన్నాడు. అన్నీ అయ్యాక కొడుకు వైపు తిరిగి, నువ్వన్న మాట ముందు వెనక్కి తీసుకోరా అన్నాడు. కొడుకు తల వంచుకుని, తప్పయిపోయిందని పెళ్లాంతో అన్నాడు. అది వాళ్లిద్దరూ తీరిగ్గా తేల్చుకోవలసిన సంగతి.

మామగారు తాళంచెవి తీసి ఆమె ముందుకు చాచాడు. "నీ బండి నువ్వే నడపాలి. ఆ మలుపులో ఇంకెవరున్నా నా పిచ్చుక నాకు దక్కేది కాదు."

"ఒక్క షరతు," అంది ఆమె. "ఇకమీదట ఏమనాలన్నా నాతోనే అనండి. తిట్టాలన్నా నా మొహం మీదే తిట్టండి."

"తిట్టనా?"

"తిట్టండి."

ఆయన ముక్కు తుడుచుకున్నాడు. "వచ్చినప్పటినుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మోచెయ్యి మీద రక్తం ఎండిపోయింది, కడుక్కోలేదు. బుద్ధుందా నీకు? పద, ముందు కూర్చుని నాలుగు మెతుకులు తిను."

లోయ అంచున ఏడవని మనిషి, ఆ తిట్టుకు భోరుమంది. తాళంచెవి గుప్పిట్లో బిగించుకుని, "వస్తున్నా మామయ్యా," అంది.

ఆ పూట కోడలికి అన్నం మామగారే వడ్డించాడు.