ఒకే గుడ్డ మీద రెండోసారి

ఆ మధ్యాహ్నం బారా దీవిలో వాన, గాలి, ఎప్పటిలాగే. మా వంటింట్లో పొడవాటి బల్ల చుట్టూ ఆడవాళ్ళం కూచుని, మగ్గం మీంచి దిగిన ఉన్ని గుడ్డని సబ్బునీళ్ళలో తడిపి, చిక్కబడేదాకా బాదుతున్నాం. దెబ్బలకు తగ్గట్టు మా అక్క ఎఫీ పాట ఎత్తుకుంటే మేం వంత పాడుతున్నాం. పొయ్యి పక్కన, ఎడిన్‌బరో నుంచి వచ్చిన రానల్డ్ టేపు రికార్డరు ముందేసుకుని కూచున్నాడు.

అక్క రికార్డులు అప్పటికే దేశమంతా తిరిగాయి. గ్లాస్గోలో ఆమె పాడుతుందంటే హాలు నిండిపోయేది. ఇప్పుడు గొంతులో కంతి లేచింది. సోమవారం ఆపరేషన్. మాట మిగిలితే అదృష్టం, పాట మీద ఆశ వదులుకోమన్నాడు డాక్టరు. అందుకే ఈ ఆఖరి రికార్డు. అందులో ఆఖరి పాట మా అమ్మది.

సగంలో అక్క గొంతు జీరపోయింది. ఎలాగో ముగించింది. నాకు ఏడుపొచ్చింది.

"ఇంకోసారి తీసుకుందామండీ," అన్నాడు రానల్డ్.

బెల్లాగ్ అత్త గుడ్డ మీంచి చేతులు తీసేసింది. "ఒక గుడ్డ మీద ఒక పాట ఒక్కసారే నాయనా. మళ్ళీ పాడకూడదు."

"పాడితే ఏమవుతుందండీ?"

"ఎవరైనా పాడితే కదా తెలిసేది!"

ఇంకో గుడ్డ మగ్గం దిగడానికి నెల పడుతుంది. అక్క నవ్వింది. "నీ చాదస్తం నీ దగ్గరే పెట్టుకో అత్తా. అమ్మ పాట నాతో పోతే నేను ఓర్చుకోలేను."

మళ్ళీ ఎత్తుకుంది.

ముందు వాసన వచ్చింది... నిలవ మూత్రం వాసన. అమ్మ రోజుల్లో గుడ్డని అందులోనే నానబెట్టేవాళ్ళు. మాలో ఎవ్వరం ఎన్నడూ ఆ పని చెయ్యలేదు. బయట చీకటి పడుతోంది. అక్క గొంతులో జీర లేదు. పెళ్ళికాని పిల్ల గొంతులా లేతగా ఉంది. నేను వంత ఆపేశాను. అత్త ఆపేసింది. ఒక్కొక్కరం అందరం ఆపేశాం.

వంత ఆగలేదు...

మా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. బల్ల మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి.

"అక్కా... చాలు, ఆపు," అని గొణిగాను.

అక్క నా వైపు తిరిగింది. నోరు మూసే ఉంది. కళ్ళ నిండా నీళ్ళు. పాట మాత్రం సాగుతోంది. ఏదో చెప్పాలని నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

రానల్డ్ మిషను ఆపేశాడు. వైరు పీకేశాడు. పాట ఆగలేదు.

చివరి చరణంలో బల్ల దగ్గర కూచున్నవాళ్ళ పేర్లు వరసగా చేర్చి ఆటపట్టించడం మా అలవాటు. ఆ చరణం మొదలైంది. మొదట అత్త పేరు. అత్త శిలువ గుర్తు వేసుకుని ప్రార్థన అందుకుంది... పెదవులు కదిలాయి. మాట లేదు. తర్వాత అత్త పక్కన కూచున్న సీనా పేరు. సీనా కేక వెయ్యబోయింది... కేక లేదు.

నేను తలుపు దాకా పరిగెత్తాను. గడియ మీద చెయ్యి పడేసరికి నా పేరు వచ్చింది. ఎంత ముద్దుగా పాడిందో ఆ గొంతు!

నా తర్వాత, ఆ గదిలోనే లేని మనిషి పేరు వచ్చింది. గ్లాస్గోలో ఉన్న నా కూతురిది.

దానికి ఫోను చేశాను. అటు ఎత్తిన చప్పుడైంది. ఊపిరి వినిపిస్తోంది... అది పలకలేదు. నేను పలకలేకపోయాను.