మూడో అంతస్తు పిట్టగోడ

ఉదయం ఏడింటికి భోజనాల బల్ల మీద తల్లికి టీ కప్పు పెట్టుకునే చోటు కూడా లేదు. మూడు స్టీలు డబ్బాలు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉన్నాయి. పక్కన అగ్గిపెట్టె, దాని మీద పరిచిన చేతిరుమాలు. పై డబ్బా అంచున ఒక చెంచా. కూతురు వంగి, ఒక కన్ను మూసుకుని, బల్ల మట్టం నుంచి ఆ చెంచానే చూస్తోంది. యాక్షన్ సినిమాలు తీసే మనిషి ఇంట్లో ఉంటే డబ్బాలు వంటింట్లో ఉండవు. తల్లికి అలవాటే.

“ఈ డబ్బాలేమిటే?”

“మూడంతస్తుల మేడ.”

“రుమాలు?”

“కొట్టు ముందు గుడ్డ పందిరి. దాని కింద అట్టపెట్టెలు, పరుపులు పరుస్తాం.”

“మరి చెంచా?”

కూతురు కాస్త ఆలస్యంగా చెప్పింది. “తమ్ముడు.”

తల్లి ఆ చెంచా తీసి, టీలో చక్కెర కలుపుకుని, కడిగి సొరుగులో పెట్టేసింది.

కూతురి కష్టం కూతురిది. ఇది ఆమె ఐదో సినిమా. మొదటి నాలుగింటిలో ఫైట్లకు జనం ఈలలు వేశారు, ఇంటికెళ్లి మర్చిపోయారు. ముక్కలు ముక్కలుగా కోసి అతికించిన ఫైట్‌లో దెబ్బ కనిపిస్తుంది కానీ నొప్పి తెలియదు. అందుకే ఈసారి ఒకే షాట్. కోతల్లేవు, పడకుండా నడుముకు కట్టే తీగ లేదు. హీరోకు బదులు తమ్ముడు మూడో అంతస్తు నుంచి దూకాలి. షూటింగ్ పదింటికి.

కర్ర చప్పుడు చేసుకుంటూ తండ్రి వచ్చి కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు ఫైట్ మాస్టర్‌గా చేశాడు. ఎడమ మోకాల్లో ఇనుప కడ్డీ ఉంది.

“నిన్న నువ్వు తీసింది చూశాను. అన్నీ కింది నుంచే తీశావు. బొమ్మ బాగుంది, భయం లేదు.”

“అందుకే కదా నాన్నా, తీగ వద్దన్నాను!”

“తీగ తీసేస్తే భయం దూకేవాడికి. చూసేవాడికెలా వస్తుంది? ఆ పిట్టగోడ దగ్గరికి వెళ్లావా?”

ఆయన పనిలో ఒక పద్ధతి ఉండేది. దూకమని చెప్పేవాళ్లు ముందు తాము దూకి చూపించాలి. చేతకాకపోతే ఆ అంచున నిలబడి కిందికైనా చూసి రావాలి. ఆయన మోకాలు పోయింది అలాగే.

కూతురు బల్ల మీది రుమాలు సర్దసాగింది.

“అంటే, గట్టున కూర్చుని ఈత నేర్పుతున్నావన్నమాట,” అంది తల్లి. “చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా!”

షూ లేసు కట్టుకుంటున్న తమ్ముడు తలెత్తాడు. “అక్కనేమీ అనకమ్మా. నాకిది రోజూ చేసే పనే.”

“నువ్వు ఊరుకోరా! మీ నాన్నను నలుగురు మోసుకొచ్చిన రోజు తలుపు తీసింది నేను. ఇంకోసారి తీయలేను.”

“నాకు ఎత్తంటే భయం!” కూతురు గట్టిగా అరిచింది. “మేడ మీద బట్టలు కూడా ఆరేయలేను. ఈ మాట చాలా? ఇన్ని సినిమాలూ వాడే ఎక్కి కొలతలు చూసి, అంతా బాగుందక్కా అంటే, కింద మానిటర్ ముందు కూర్చుని తీశాను.”

యాక్షన్ డైరెక్టర్‌కు ఎత్తంటే భయమన్న సంగతి ఇంట్లో అప్పటిదాకా తమ్ముడొక్కడికే తెలుసు. ఎవరూ నవ్వలేదు.

“అయితే ఇవాళ ఎక్కు,” అన్నాడు తండ్రి.

తొమ్మిదిన్నరకు ఆమె ఎక్కింది. రెండో అంతస్తు దాటాక మెట్ల మీద కూర్చుండిపోయింది. తమ్ముడు చెయ్యి ఇచ్చి లేపాడు. పిట్టగోడ ఆమె నడుము ఎత్తు కూడా లేదు. కింద గుడ్డ పందిరి నిజంగానే చేతిరుమాలంత ఉంది. కళ్లు తిరిగి ఆమె తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది, సన్నగా వణుకుతోంది. వాడి రెండో చెయ్యి పిట్టగోడను వదలడం లేదు.

“నీకూ భయమేనా?”

“ప్రతిసారీ.”

“ఎప్పుడూ కనపడలేదేరా!”

“నువ్వు కింద ఉంటావు కదక్కా.”

ఆమె చాలాసేపు ఆ చేతినే చూసింది. తర్వాత కిందికి వంగకుండానే కేకేసింది. “తీగ కట్టండి! కెమెరా పైకి తీసుకురండి. నాకు దూకడం కాదు, గోడ వదల్లేని ఈ చెయ్యి కావాలి.”

ఆ రోజు తీసిన షాట్‌ను సాయంత్రం నలుగురూ ఇంట్లో బల్ల దగ్గరే కూర్చుని చూశారు. దూకడం రెండు క్షణాలే. అంతకుముందు నిమిషం సేపు వేళ్లు పిట్టగోడను వదిలి, మళ్లీ పట్టుకుంటున్నాయి. నడుముకు తీగ ఉందని తెలిసినా తల్లి కళ్లు మూసుకుంది. తండ్రి చెయ్యి తనకు తెలియకుండానే మోకాలి మీదికి వెళ్లింది.

“నీకూ భయమని ఇన్నేళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదేరా?” అంది తల్లి.

“చెబితే అక్క సినిమాలు మానేస్తుందని.”

కూతురు ముఖం పక్కకు తిప్పుకుంది, కానీ కన్నీళ్లు ఆగలేదు. తల్లి సొరుగులోంచి చెంచా తీసి ఆమె ముందు పెట్టింది.

“టీ చల్లారిపోతోంది. కలుపుకో.”