పొలిమేర అవతలి గాజుపెట్టెలు

తిరుపతిలో గంగమ్మ జాతరంటే మాటలా! మే నెల ఎండ, డప్పులు, అంబలి వాసన, వీధికో వేషం. మునిశేఖర్ మాత్రం ఆ మధ్యాహ్నం గదికి గడియ పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సెల్‌ఫోన్ రిపేరు అంగడికి సెలవు. ఇంకేం పని, చెప్పండి?

ఆ ఆట సంగతి చెప్పాలి మీకు. లోకం అంతమైపోయి ఉంటుంది. ఎక్కడ చూసినా ఇసుక, కూలిన మిద్దెలు, మనుషుల్ని పీక్కుతినే మూకలు. ఎదురొచ్చినవాణ్ణి గొడ్డలితో నరుకుతూ పోవడమే. దాంట్లో మజా ఏమిటంటే, ఆట కట్టినవాళ్లు పాత అంతరిక్షం సినిమాల గుర్తులు అక్కడక్కడా దాచిపెట్టారు. పాడుబడిన ఆస్పత్రిలో ఇనప మనిషి చెయ్యి, బావిలో బోర్లాపడిన ఎగిరే పళ్లెం, ఇట్లాంటివి. అన్నీ జనం పట్టేశారు, ఒక్కటి తప్ప. దాన్ని మొదట చూసినవాడి పేరు ఆటలో చెక్కుతారని పుకారు. మునిశేఖర్‌కు ఆ పేరు పిచ్చి పట్టింది.

"ఆ మిగిలిన గుర్తు ఈడ ల్యా బావా, ఆటలో ఊరి పొలిమేర గీత ఉండాది జూడు, దాని అవతల ఉండాది," హెడ్‌ఫోన్‌లో హరినాథ్ అన్నాడు. చెల్లెలి మొగుడు, ఆటలో జోడీ. జాతరకని వచ్చి, చాటింపు పడినాక తెల్లారుజామున గోడ దూకి పాకాలలో తన ఇంటికి చేరుకున్న ఘనుడు. ఎందుకంటారు? ఈ ఆట కోసమే!

చాటింపు పడిందంటే జాతర ముగిసేదాకా ఎవరూ ఊరు దాటకూడదు. "దాటినోణ్ణి గంగమ్మ ఇడిసిపెట్టదు. నువ్వన్నా పొలిమేర దాటొద్దు నాయనా," అని తల్లి మునిరత్నమ్మ పొద్దున్నే కొడుక్కి ఒట్టు పెట్టింది.

"భయమా బావా? పో, మా అత్త కొంగు పట్టుకోని కూర్చో."

"కుర్చీలో కూర్చోని దాటితే ఏం పాపమబ్బా!" మునిశేఖర్ నవ్వి, ఆటలో పొలిమేర గీత దాటాడు.

బయట వీధిలో డప్పులు ఆగిపోయాయి.

తెర మీద ఇసుకలో కూరుకుపోయిన అంతరిక్ష నౌక. లోపల గాజుపెట్టెలు. అలాంటి సినిమాల్లో మనుషులు ఏళ్ల తరబడి నిద్రపోతుంటారే, అవే. "దొరికింది బావా! పేరు నాదే!" హరినాథ్ బొమ్మ ముందుకు ఉరికింది.

మొదటి పెట్టె ఖాళీ. రెండోదీ ఖాళీ. మూడోదాంట్లో ఎవరో నిలబడి ఉన్నారు. ఒళ్లంతా బొగ్గు. నడుముకు వేపమండలు. మెడలో నిమ్మకాయల దండ. చేతిలో కత్తి.

"ఇది... ఏ సినిమాలోది బావా?"

ఏ సినిమాలోదీ కాదు. జాతర వేషం. ఎక్కడో సముద్రాల అవతల ఆట కట్టినవాళ్లకు ఇదెలా తెలుసు? గదిలో వేపాకు వాసన...

గాజు పగిలింది.

హరినాథ్ బొమ్మ గొడ్డలి ఎత్తేలోపే కత్తి దిగింది. చెయ్యి మోచేతి దగ్గర తెగిపడింది. చెవిలో కేక. ఆటలో కేక కాదు.

"బావా... నా చెయ్యి... నిజంగానే..."

రెండో వేటు మెడ మీద. లేత టెంకాయ కొట్టినట్టు చప్పుడు. ఏదో దొర్లింది. తడిగా... గురగుర.

తర్వాత హెడ్‌ఫోన్‌లోనే, అవతల తలుపు విరిగిన శబ్దం. హరినాథ్ తల్లి గంగులమ్మ గొంతు. "అయ్యో, తల యాడరా! నా బిడ్డ తల యాడ!"

తెర మీద మొదటి పెట్టె మూత పడింది. గాజు మీద హరినాథ్ పేరు. రెండో పెట్టె మీద ఇంకో పేరు దానంతటదే చెక్కుడుపడుతోంది... మునిశేఖర్. కత్తి పట్టినది తెర మీద లేదు.

అతను హెడ్‌ఫోన్ విసిరికొట్టాడు. తలుపు చప్పుడైంది. "నేనేరా." గడియ తీశాడు. తల్లి, చేతిలో చెంబుతో.

"వాకిట్లోకి వేషం వచ్చింది నాయనా. ఏందో మూట పట్టుకోనుండాది. కాళ్లకు పసుపునీళ్లు పోసి మొక్కినాను. నీ పేరు జెప్పి అడిగింది. లోపలుండాడు పో తల్లీ అన్నాను."

"ఎప్పుడమ్మా?"

"ఇందాకే. ఇంకా బయటికి రాల్యా."

మునిశేఖర్ కిందికి చూశాడు. పసుపునీళ్ల తడి అడుగులు. గడియ పెట్టిన తలుపు దాటి, అతని కుర్చీ వెనకదాకా వచ్చి ఆగాయి. తిరిగి వెళ్లిన అడుగులు లేవు. వాటి పక్కనే గుండ్రంగా ఒక ఎర్రటి తడి... బరువైనదేదో కింద పెట్టి, మళ్లీ ఎత్తుకున్నట్టు.