ఊతకర్ర పెట్టమన్నాడు నాన్న

జోయిలా పొద్దున్నే గుడ్డసంచిలో కాఫీ వడపోస్తూ ఉండగానే పెరట్లో ధడేల్మని చప్పుడైంది. వంటింటి కిటికీలోంచి తొంగి చూస్తే, కూతురు ఇదాల్మిస్ షెవ్రొలే కారు వెనక సీటు ఊడబెరికి మామిడిచెట్టు కింద పడేస్తోంది. ముందు సీటు అప్పటికే కోళ్ళగూటి పక్కన బోర్లా పడి ఉంది.

"ఇంకేం మిగిలింది పీకడానికి? ఇంటి పైకప్పు కూడా పీకెయ్యి, ఒక పనైపోతుంది!" అంది జోయిలా గుమ్మంలోకి వచ్చి.

"ముందు కాఫీ ఇవ్వమ్మా. తిట్లు తర్వాత."

"తిట్లు కాక దీవెనలు పెడతానా? నిన్న బేకరీ ఎలోయీసా కాలి చెప్పు నీ కారు నేలకున్న చిల్లులోంచి జారి నడిరోడ్డు మీద పడింది. కైబరియెన్ ఊరంతా పడీ పడీ నవ్వుతోంది. చెప్పు కాబట్టి సరిపోయింది, కాలే దిగిపోయి ఉంటే?"

"అందుకేగా పీకుతున్నా. కుళ్ళిన అడుగురేకు మొత్తం కోసేసి కొత్తది వేస్తా."

సముద్రపు ఉప్పుగాలికి ఆ ఊళ్ళో ఇనుమన్నది నిలవదు. ఆ కారు జోయిలాకన్నా ముందు పుట్టింది. దాని నేల మీద అతుకు, అతుకు మీద తారు, ఆ తారు మీద మళ్ళీ అతుకు పడి, ఇప్పుడు చెయ్యి పెడితే బిస్కెట్టులా విరిగిపోతోంది. జోయిలా భర్త నికానోర్ మంచి రోజుల్లో ఉండగా ఊళ్ళో సగం కార్ల రేకుపని ఆయన షెడ్డులో, ఆయన చేతి మీదుగానే జరిగింది. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, కుడికాల్లో పట్టు తప్పింది, నాలుక మొద్దుబారింది. ఏం చెప్పబోయినా మొదటి మాట ఒక్కటే స్పష్టంగా వస్తుంది. దాని వెనక వచ్చేదంతా ముద్దముద్దగా కలిసిపోతుంది. పొద్దున్నే ఆయన్ని వసారాలో ఊగుడు కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన ఊతకర్ర ఆనించి ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళిపోవడం ఇంట్లో అలవాటైపోయింది.

అప్పటిదాకా పడవల కార్ఖానాలో వెల్డింగు పని చేసిన ఇదాల్మిస్, తండ్రి పడిపోయాక ఆ కారు నడపడం మొదలుపెట్టింది. కైబరియెన్ నుంచి రెమెదియోస్‌కి, రెమెదియోస్ నుంచి కైబరియెన్‌కి మనుషుల్ని ఎక్కించుకుని తిరుగుతుంది. ఇల్లు దాని మీదే గడుస్తోంది.

జోయిలా కాఫీ కప్పు అందిస్తూ గొంతు తగ్గించింది. "నా మాట విను తల్లీ. వరదేరో నుంచి ఆ ఉలీసెస్ శనివారం వస్తున్నాడు. కారు ఎలా ఉంటే అలాగే కొనుక్కుపోతానన్నాడు. ఇచ్చేద్దాం. ఆ చిల్లుల తట్టలో నువ్వు తిరుగుతుంటే నాకు కంటి మీద కునుకుండడంలేదు."

"నాన్ననడిగావా?"

"ఆయన్ననడిగితే ఏం చెబుతాడే? ఆయనకి తెలుస్తుందో లేదో మనకే తెలీదు."

ఇదాల్మిస్ వసారా వైపు చూసింది. నికానోర్ కళ్ళు కారు మీదే ఉన్నాయి. రోజూ అంతే. అది గేటు దాటి వెళ్ళేదాకా చూస్తాడు, సాయంత్రం తిరిగొస్తే మొహం విప్పారుతుంది. ఆ కారు వెళ్ళిపోయిన మర్నాడు ఈ మనిషి దేన్ని చూస్తూ బతుకుతాడు?

"శనివారం దాకా నా జోలికి రాకు. అప్పటికి కొత్త నేల పడి, నాలుగు తలుపులూ సరిగ్గా మూతపడి, కారు వీధిలోకి వెళ్ళిందా, మనది. లేదా, ఉలీసెస్‌కి తాళం నేనే ఇస్తా. సరేనా?"

"మొండిఘటానివి. అచ్చం ఆ ముసలాయన పోలికే!" అని జోయిలా లోపలికి వెళ్ళింది. వద్దని మాత్రం అనలేదు.

పాత డీజిలు పీపాలు రెండు కోసి, సాపు చేసి, కొత్త నేలకి రేకు సిద్ధం చేసుకుంది ఇదాల్మిస్. కార్ఖానా నేస్తం ఒకామె వెల్డింగు మిషను అరువిచ్చింది. పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టి, తారంతా గీకి, గ్రైండరు చేతిలోకి తీసుకుంది.

అప్పుడు వసారాలోంచి నికానోర్ కేక వేశాడు.

"ఊతకర్ర!"

ఇదాల్మిస్ గ్రైండరు ఆపి వెళ్ళింది. కుర్చీకి ఆనించిన కర్ర తీసి తండ్రి ఎడమచేతిలో పెట్టింది. "ఇదిగో నాన్నా. లోపలికెళ్తావా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. కర్ర విసిరికొట్టాడు. "ఊతకర్ర... పె... పెట్టూ..." అంటూ ఏదో గొణిగాడు.

"పెట్టానుగా! నువ్వే పారేశావు." మళ్ళీ తీసి ఇచ్చింది. మళ్ళీ విసిరాడు. ఈసారి అది వెళ్ళి కోళ్ళ మధ్య పడింది.

"మధ్యమధ్యలో ఈ పిచ్చి కోపమొకటి," అంది జోయిలా కర్ర తెచ్చి తుడుస్తూ. "నువ్వు పట్టించుకోకు. కాసేపు అరిచి ఊరుకుంటాడు."

ఊరుకోలేదు. ఎడమవైపు కోస్తున్నంతసేపూ ఊతకర్ర, ఊతకర్ర అంటూనే ఉన్నాడు. కుర్చీ చెయ్యి మీద అరచేత్తో బాదాడు. కుడివైపు మొదలెట్టేసరికి మొహం కందగడ్డలా ఎర్రబడింది, చొంగ కారింది. ఇదాల్మిస్‌కి తల దిమ్మెక్కిపోయింది.

"అబ్బా, చాలు నాన్నా! నీ కోసమే కదా ఇదంతా! నన్ను పని చేసుకోనీ!"

అలా అని విసురుగా వెళ్ళి, కుర్చీని పట్టుకుని వీధి వైపుకి తిప్పేసింది. కారు ఆయన వీపు వెనక్కి పోయింది. నికానోర్ అరుపు ఠక్కున ఆగింది. వీధిలో ఎవరో పలకరించినా ఆయన తలెత్తలేదు. ఇదాల్మిస్‌కి లోపల చివుక్కుమంది కానీ, శనివారం తరుముకొస్తోందని తనకి తానే సర్దిచెప్పుకుని మళ్ళీ కారులో దూరింది.

మర్నాడు మధ్యాహ్నానికి పీపా రేకు రెండు వైపులా కూర్చుని, చుట్టూ చుక్కచుక్కగా వెల్డింగు పడింది. ఇదాల్మిస్‌కి ప్రాణం లేచొచ్చింది. చేతులు తుడుచుకుని, డ్రైవరు తలుపు చివర పట్టుకుని నెట్టింది.

తలుపు పడలేదు.

ఇంకాస్త గట్టిగా నెట్టింది. గడియ దాని గూట్లో పడకుండా చట్రం కమ్మీకి కొట్టుకుంది. అటు తిరిగి రెండో తలుపు చూస్తే పైన సందు, కింద రాపిడి. కారు ఒళ్ళంతా మధ్యలో జారి కూర్చుంది. పడవల కార్ఖానాలో ఏ రేకు కోసినా పడవ కదలదు, దాన్ని కింద దిమ్మలు మోస్తుంటాయి. ఈ కారు ఒంటిని మాత్రం కొంతవరకు దాని నేలే మోస్తోందని ఇదాల్మిస్‌కి అప్పుడే తట్టింది. అక్కడే నేల మీద చతికిలబడింది.

జోయిలా వచ్చి చూసింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏమైంది?"

"తలుపులు పడట్లేదు."

"మొన్నటిదాకా నేల లేదు. ఇప్పుడు తలుపులు కూడా లేవన్నమాట. చాలు పిల్లా, ఇక ఫోను చేసి ఆ ఉలీసెస్‌ని రేపే రమ్మంటా."

"శనివారమన్నావు! నువ్వు ఎప్పుడు వదిలించుకుందామా అని చూస్తున్నావు ఈ కారుని!"

"అవును, చూస్తున్నా!" జోయిలా ఒంటికాలి మీద లేచింది. "పొద్దున్న మొగుడికి మూతి తుడిచి, పగలంతా కూతురు తిరిగొస్తుందా రాదా అని రోడ్డుకేసి చూసి, నాకు ప్రాణం విసిగిపోయింది! ఈ ఇంట్లో ఇనుముకున్న విలువ మనిషికి లేదు. ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పుడూ ఇదే కారు, మంచాన పడ్డాకా ఇదే కారు!"

"నాన్నకి ఇంకేం మిగిలిందమ్మా చూసుకోవడానికి?"

"నేను లేనూ?"

అంతలో వసారాలోంచి కుర్చీ కిర్రుమన్న చప్పుడైంది.

నికానోర్ లేచి నిలబడ్డాడు. ఎవరి సాయమూ లేకుండా, ఎడమచేత్తో కర్ర పట్టుకుని, కుడికాలు ఈడుస్తూ పెరట్లోకి వస్తున్నాడు. "పడతావు ముసలాయనా!" అని జోయిలా పరిగెత్తింది. ఆయన మోచేత్తో తోసేశాడు. కారు దాకా వచ్చి, భుజం దానికి ఆనించి, చేతిలోని కర్రని తెరిచిన తలుపు ఖాళీలో అడ్డంగా పెట్టాడు. ఒక కొస తలుపు బందులున్న కమ్మీకి, రెండో కొస గడియ పడే కమ్మీకి. దాని మీద అరచేత్తో కొట్టాడు.

"ఊతకర్ర," అన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలుతున్నాయి. "ఊతకర్ర!"

జోయిలా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో... షెడ్డులో... షెడ్డులో వీళ్ళు దీన్నలాగే అనేవాళ్ళు. అన్నం పట్టుకెళ్ళినప్పుడు వినేదాన్ని. కొయ్యబోయే ముందు తలుపులకి అడ్డంగా ఇనప గొట్టం వెల్డింగు చేసేవాళ్ళు, ఒళ్ళు జారకుండా. 'ఊతకర్ర పెట్టారా' అని కేకేసేవాడు ఈయన. నాకు ఎందుకు తట్టలేదు? ఎలా మర్చిపోయాను?"

నాన్న పిచ్చికోపంతో అరవలేదు. ముందు గొట్టం పెట్టు, తర్వాత కొయ్యి అని, ఉన్న ఒక్క మాటతోనే చెప్పాడు. తను కర్ర చేతిలో పెట్టి, తర్వాత కుర్చీ తిప్పేసింది. నేల మీద నుంచి లేవకుండానే తండ్రి మోకాళ్ళు చుట్టేసుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

"నిన్ను వీధి వైపు తిప్పేశాను నాన్నా. నా చేతులు విరిగిపోనూ."

నికానోర్ ఎడమచెయ్యి ఆమె తల మీద పడింది. ఒకసారి నిమిరింది. రెండోసారి మాత్రం చిన్నగా మొట్టింది, కారు కింద ఉన్న జాకీ వైపు వేలు చూపించింది. పని అలాగే ఉంది మరి.

జోయిలా ఏప్రనుతో కళ్ళొత్తుకుంది. గట్టిగా ముక్కు చీదింది. తర్వాత తనే ఊగుడు కుర్చీని ఎత్తుకొచ్చి కారు పక్కన వేసింది. "కూర్చో. కూర్చుని చెప్పు. మేం వింటాం," అంది. ఉలీసెస్‌కి ఫోను మాటే ఎత్తలేదు.

చుక్క వెల్డింగులన్నీ తెంపారు. కారు పక్క కమ్మీ కింద జాకీ పెట్టి, నికానోర్ వేలు పైకి లేచినప్పుడల్లా ఇదాల్మిస్ కాస్త ఎత్తింది, వేలు ఆగగానే ఆగింది. తలుపు సందు సమానంగా వచ్చేదాకా ఆయన ఒప్పుకోలేదు. పాత మంచం గొట్టాలు కోసి తలుపుల ఖాళీల్లో అడ్డంగా వెల్డింగు చేశారు. అప్పుడు మళ్ళీ రేకు.

ఒక వైపు గబగబా వెల్డింగు చేసుకుపోతుంటే, "కాఫీ!" అని అరిచాడు నికానోర్.

జోయిలా అలవాటుగా వంటింటి వైపు కదిలింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. వెనక్కి వచ్చి భర్త ముందు నిలబడింది. "ఏ కాఫీ? తాగే కాఫీయేనా, ఇంకోటా?"

ఆయన రేకు వైపు చూపించాడు. అది వేడికి ఉబ్బి పైకి లేస్తోంది.

"కాఫీ తాగినంతసేపు ఆగి చల్లారనివ్వమంటున్నాడమ్మా!" అంది ఇదాల్మిస్ మిషను ఆపేస్తూ.

శుక్రవారం సాయంత్రానికి గొట్టాలు తీసేశారు. నాలుగు తలుపులూ పడ్డాయి. తండ్రి ఒక్కో తలుపు దగ్గరికీ వెళ్ళి, వేసి, తీసి, మళ్ళీ వేసి చూశాడు. తారు పూసి, సీట్లు బిగించేసరికి ఇదాల్మిస్ చేతులు పైకి లేవడంలేదు.

శనివారం ఉలీసెస్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, కింద వంగి చూసి, కనుబొమలెగరేసి, జోయిలాతో బేరం మొదలెట్టబోయాడు.

"నన్నడుగుతావేం?" అంది జోయిలా. "కారు ఆయనది. ఆయన్నడుగు."

"ఆయనకి మన మాట తెలుస్తుందా?"

"మనకే ఆయన మాట తెలీకపోయింది ఇన్నాళ్ళూ. నువ్వడుగు నాయనా."

ఉలీసెస్ ఇబ్బందిగా వంగి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు కేకేసి అడిగాడు. నికానోర్ అతన్ని ఎగాదిగా చూశాడు.

"వద్దు," అన్నాడు.

"విన్నావుగా? ఆ మాటకి ఒకటే అర్థం!" అని జోయిలా నవ్వుతూ అతన్ని గేటు దాకా సాగనంపింది.

ఇదాల్మిస్ తండ్రిని ముందు సీట్లో కూర్చోబెట్టింది. ఆయన చెప్పులు విప్పి, వట్టి పాదాలు కొత్త నేల మీద ఆనించి, మడమతో ఒకసారి తొక్కి చూశాడు. తాళం తిప్పబోతుంటే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"గుమ్మడికాయ," అన్నాడు గంభీరంగా.

తల్లీకూతుళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "గుమ్మడికాయంటే ఏదమ్మా షెడ్డులో?" "నాకు గుర్తు లేదే! గుండ్రంగా ఉండేదేదో చూడు!" ఇదాల్మిస్ కారు కిందకి దూరి వెనక ఇరుసు దగ్గర తడిమింది. జోయిలా దీపాలు తట్టింది, చక్రాలు తట్టింది, "ఇదా? ఇదా?" అని ఒక్కోటి చూపించింది. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఊపుతూ ఊపుతూ భుజాలు కదిలాయి. రెండేళ్ళుగా ఇంట్లో వినపడని నవ్వు, గరగరమంటూ, ఆగకుండా బయటికొచ్చింది. ఆయన ఎడమచేత్తో పొట్ట తట్టుకుని, అదే చేత్తో వంటిల్లు చూపించాడు.

"నీ దుంప తెగ! ఆకలా?" అంది జోయిలా. వారమంతా ఈ పని గోలలో నల్లచిక్కుళ్ళలో గుమ్మడిముక్క వెయ్యనే లేదని అప్పుడు గుర్తొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చేసింది ఆమెకి. కారు కిటికీలోంచి వంగి భర్త బుగ్గ గిల్లింది.

"వేస్తాను ముసలాయనా, వేస్తాను. ముక్కలు చిన్నవా, పెద్దవా?"

నికానోర్ నోరు తెరిచాడు. పెదవులు ఒక పక్కకి లాగాయి, మాట గొంతులోనే తిరుగుతోంది. ఎప్పుడూ పెద్దముక్కలే కావాలనే మనిషి ఏం చెబుతాడో జోయిలాకి తెలుసు. ఇదాల్మిస్‌కీ తెలుసు. ఇద్దరూ కారు తలుపు పట్టుకుని, ఆయన ఆ మాట అనేదాకా ఎదురుచూస్తూ నిలబడ్డారు.