‘గో’ తర్వాతి మాట

నర్సాపూర్ అడవిలో, బస్సు రోడ్డుకు కాస్త లోపల, ఐలయ్య బోర్లా పడి ఉన్నాడు. తల వెనక ఒకే ఒక్క తూటా. మెదక్ బజారులో ఏడాదిగా బీడీలు, కిళ్లీలు అమ్ముతున్న ఆ మనిషి కేంద్ర గూఢచారి శాఖ ఉద్యోగి అన్న సంగతి, చంపినవాళ్లకు తప్ప ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు.

“చచ్చేముందు ఫోన్ చేసిండు. ‘సార్, తోక దొరికింది, మెదక్‌లనే ఉన్నది’ అన్నడు. గంతే. లైన్ కట్,” అన్నాడు చీఫ్ రాంచందర్, హైదరాబాద్ ఆఫీసులో తలుపు మూసి.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ ఇంద్రకరణ్‌కు ఆ తోక ఏమిటో తెలుసు.

అది పందొమ్మిది వందల డెబ్బై ఒకటి, డిసెంబర్. సరిహద్దుల్లో యుద్ధం నడుస్తోంది. శత్రుదేశపు రేడియోలో సాయంత్రంపూట ఇంగ్లిష్ పాటల మధ్య, అనౌన్సర్ ‘ఈవెనింగ్ వర్డ్’ అంటూ ఒక క్రియ చెబుతున్నాడు. ఒట్టి క్రియ. ఒకరోజు ‘కాల్’, ఒకరోజు ‘పుట్’. ఇంగ్లిష్ క్రియ ఒంటరిగా ఉన్నంతసేపు ఎటు తిరుగుతుందో చెప్పలేం. పక్కన చేరే చిన్నమాటే దాని గుణం తేలుస్తుంది. పుట్ పక్కన ఆన్ చేరితే తొడుక్కోవడం, అవుట్ చేరితే ఆర్పేయడం, ఆఫ్ చేరితే వాయిదా. ఇక్కడ శత్రువుకు పనిచేసే ముఠాకు క్రియ గాలిలో వస్తోంది, చిన్నమాట, అంటే తోక, మరో దారిన అందుతోంది. రెండూ కలుపుకున్నవాడికే ఆజ్ఞ అర్థమవుతుంది. కోడ్ బుక్ లేదు. సోదాల్లో దొరికేదీ లేదు.

కిందటి నెల రేడియో ‘బ్లో’ అంది. మర్నాడు ఒక పెట్రోల్ డిపో పేలిపోయి, లోపల పనిచేసేవాళ్లు ఆనవాలు లేకుండా కాలిపోయారు. ఆనాటి తోక ‘అప్’ అని శాఖలో అందరికీ అప్పుడు తెలిసింది.

“ఎల్లుండి పొద్దుగూకంగ అక్కన్నపేట మీదికెళ్లి ఫిరంగి గుండ్ల రైలు పోతది. దాని మీద కన్నేసిన్రు,” అన్నాడు చీఫ్.

రైలు ఆపడం కుదరదా అని ఇంద్రకరణ్ అడిగాడు. ఆపితే సరిహద్దులో ఫిరంగులు ఆగిపోతాయని, లైనంతా వెతికించినా ఏమీ దొరకలేదని చీఫ్ చెప్పాడు. బాంబు పెట్టేవాడు చివరి గడియలో పెడతాడు. వాడెవడో, ఎక్కడో ఎవరికీ తెలియదు.

మర్నాడు మెదక్‌లో ఒక కొత్త టైప్‌రైటర్ మెకానిక్ దిగాడు. నూనె మరకల చొక్కా, చేతిలో పనిముట్ల పెట్టె. పెట్టె అడుగున దొంగ అరలో చిన్న రేడియో రిసీవర్, సైలెన్సర్ బిగించిన పిస్టల్. ఐలయ్య ఆఖరి నివేదికలో ఒకే పేరుంది: కమర్ జహాన్, మదన్ మోహన్ టైపు ఇన్‌స్టిట్యూట్, మనమనిషి.

మదన్ మోహన్ పట్టణంలో పెద్దమనిషి. లారీలున్నాయి, అందరికీ చందాలిస్తాడు. అతని ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లిష్ చెప్పే కమర్ జహాన్ బజారులో నడిచివెళ్తే దుకాణాల్లో బేరాలు ఆగుతాయి. నల్లకళ్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు, దూరం నుంచే తెలిసే అత్తరు. ఆ రూపం చూసే మదన్ మోహన్ ఆమెను ముఠాలోకి లాగాడు. ఆమె ఏడుస్తూ కూర్చునే మనిషి కాదని అతనికి తోచలేదు.

“రిబ్బన్ ఎండిపోయిందా మేడం?” అడిగాడు ఇంద్రకరణ్.

“నల్లది బాగనే ఉన్నది. ఎర్రదే పోయింది,” అందామె. కోడ్ సరిపోయింది.

పక్కన పాతిక మెషిన్లు టకటకలాడుతుంటే, ఆ చప్పుడు చాటున ఆమె చెప్పుకొచ్చింది. ఇన్‌స్టిట్యూట్ గుమ్మం ముందు రోజూ ఒక నల్లబోర్డు పెడతారు. దాని మీద ఒక ఇంగ్లిష్ వాక్యం, అందులో ఒక మాట కింద గీత. పిల్లలు నేర్చుకోవడానికని అందరూ అనుకుంటారు. ఏ మాట కింద గీత ఉండాలో పొద్దున్నే మదన్ మోహన్ ఆమె చెవిలో చెబుతాడు. బజారంతా చదువుతుంది. చదివేవాళ్లలో ముఠా మనిషి ఎవరో ఆమెకూ తెలియదు.

“‘గెట్ అప్ ఎర్లీ’ అని రాసిన. అప్ కింద గీత గీసిన. నాకేం తెల్సు? గా డిపోల మా తమ్ముడు నసీరుద్దీన్ పనిచేస్తుండె. ఆడు పోయినంకనే ఐలయ్యను కలిసిన.” ఆమె కళ్లద్దాలు తీయలేదు. “నా చేత్తోనే రాసిన సాబ్.”

ఇంద్రకరణ్ బాగానే ఉన్న మెషిన్‌కు మళ్లీ నూనె వేశాడు.

రైలు వచ్చే రోజు పొద్దున ఆమె చెవిలో పడిన మాట ‘ఆఫ్’. మదన్ మోహన్ అది చెప్పి, శంకరంపేటలో పనుందని కారులో వెళ్లిపోయాడు.

కాల్ వస్తే కాల్ ఆఫ్, అంటే మానుకోమని. కాని గో వస్తే గో ఆఫ్, సెట్ వస్తే సెట్ ఆఫ్. రెండూ పేలుడే. రైలు రోజున మానుకోమని చెప్పడానికి ఇంత ఏర్పాటు దేనికి? సాయంత్రం దాకా ఆగి క్రియ వింటే అప్పటికి సమయం మించిపోతుంది. బోర్డు మీద మాటే మార్చాలి.

“ఏ క్రియ వచ్చినా బాంబు పెట్టేటోణ్ని ఎనుకకు గుంజే మాట కావాలె,” అన్నాడు ఇంద్రకరణ్.

ఆమె ఆలోచించి, “బ్యాక్,” అంది. “గో బ్యాక్, ఫాల్ బ్యాక్, హోల్డ్ బ్యాక్. అన్నీ ఎనుకకే.”

“హిట్ వస్తే? స్ట్రైక్ వస్తే? బ్యాక్ చేరితే తిరిగి కొట్టుమని అర్థం గద.”

ఆమె వేళ్ల మీద మిగతా చిన్నమాటలన్నీ లెక్కపెట్టింది. ఇంతకన్నా మంచి మాట ఇంగ్లీషులో లేదని చివరికి చెప్పి, చాక్‌పీస్ అందుకుని, తీరైన అక్షరాలతో రాసింది: కమ్ బ్యాక్ బిఫోర్ డార్క్. బ్యాక్ కింద గీత గీసింది.

వెంటనే హైదరాబాద్ బస్సెక్కమని అతను బతిమాలాడు. తను కనపడకపోతే ముఠావాళ్లకు అనుమానం వస్తుందని, రైలు దాటేదాకా కుర్చీలోంచి లేవనని ఆమె చెప్పింది.

మదన్ మోహన్ అనుకున్నదానికన్నా ముందే వచ్చాడు. ఎదురు దుకాణంలో మెషిన్ విప్పుకుని కూర్చున్న ఇంద్రకరణ్, అతని కారు బోర్డు ముందు ఆగడం చూశాడు. అతను గీత గీసిన మాట చదివి, కారును వెనకదారికి తిప్పి, అటునుంచి లోపలికి వెళ్లాడు. ఇంద్రకరణ్ రోడ్డు దాటి వెళ్లేసరికి వెనకదారిలో కారు స్టార్టయింది. పక్కగదిలో పిల్లలు ఇంకా టైపు కొడుతూనే ఉన్నారు. ఆ టకటకల్లో తుపాకీ మోగినట్టు వాళ్లకు తెలియదు.

కమర్ జహాన్ టేబుల్ కాలు పట్టుకుని నేలమీద ఉంది. పొట్ట దగ్గర చీర తడిసి నల్లబడింది.

“నన్ను చూడకుండ్రి. ఆనికి బాంబు జాగ తెల్సు. ఎంటవడుండ్రి,” అంది.

అతను పిల్లల్ని కేకేసి, ఆమెను దవాఖానాకు చేర్చమని చెప్పి, గుమ్మం పక్కనున్న ఎవరిదో మోటార్ సైకిల్ మీద బయలుదేరాడు.

అక్కన్నపేట స్టేషన్‌కు ముందే కారు బండ్లబాట పట్టింది. పొద్దు వాలుతోంది. రైలుకట్ట దగ్గర కారాపి మదన్ మోహన్ పరుగెత్తాడు. కట్ట కింద, తూము పక్కన, గ్యాంగ్‌మన్ బట్టల్లో ఒకడు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చెవి దగ్గర ట్రాన్సిస్టర్, ముందు పిడి నొక్కితే బాంబు పేల్చే ప్లంజర్ పెట్టె, ఆ పిడి మీద కుడిచెయ్యి. రైలు కూత దగ్గరపడింది. మదన్ మోహన్ రెండుచేతులూ నోటిచుట్టూ పెట్టి అరవబోయాడు.

ఇంద్రకరణ్ కాల్చాడు. మదన్ మోహన్ పొదల్లో పడ్డాడు. ఇంజన్ హోరులో ఆ చిన్న చప్పుడు కలిసిపోయింది.

రెండో తూటా కాల్చలేడు. కాలిస్తే ఆ గ్యాంగ్‌మన్ పిడి మీదే పడతాడు, అతని బరువుకే అది దిగిపోతుంది. ఇంద్రకరణ్ చెవిలోని రిసీవర్‌లో పాట ఆగింది. హిట్ కావద్దు, స్ట్రైక్ కావద్దు అనుకున్నాడు.

“ఈవెనింగ్ వర్డ్,” అన్నాడు అనౌన్సర్. “గో.”

కట్ట కింద మనిషి తలెత్తాడు. పెదాలు కదిలాయి, బడిలో పాఠం ఒప్పజెప్పేవాడిలా. కుడిచెయ్యి పిడి మీద ఇంకా అలాగే ఉంది. ఇంజన్ తూము మీదికి వచ్చింది. అప్పుడు పిడి వదిలేసి, తీగలు ఒక్కొక్కటే ఊడదీసి, పెట్టె చంకన పెట్టుకుని లేచాడు. ఫిరంగి గుండ్ల పెట్టెలు, ఒకదాని వెనక ఒకటి, అతని తల మీదుగా వెళ్లిపోయాయి.

బండ్లబాట మీద ఇంద్రకరణ్ పిస్టల్ చూపించగానే అతను మారుమాట లేకుండా చేతులెత్తాడు.

మెదక్ దవాఖానాలో కమర్ జహాన్ ముఖం మీద అప్పటికే గుడ్డ కప్పేశారు. ఆమె నల్లకళ్లద్దాలు ఎవరో జాగ్రత్తగా మడిచి కిటికీలో పెట్టారు.

దొరికినవాడి పేరు మొగులయ్య. ఎల్దుర్తివాడు. ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాదిపాటు ఇంగ్లిష్ నేర్చుకున్నాడు. చీఫ్ స్వయంగా ప్రశ్నించాడు. ఇన్నాళ్లు ఎదురుచూసి, రైలు నెత్తిమీదికి వచ్చాక, ఒక్క మాట చదివి వెనక్కి తిరిగావా, అనుమానం రాలేదా అని అడిగాడు.

“వచ్చింది సార్. బోర్డు తప్పు రాసిన్రేమో అనుకున్న,” అన్నాడు మొగులయ్య. “గని కమర్ మేడం ఇంగ్లీషు ఎన్నడు తప్పు పోదు.”

ఇంద్రకరణ్ కిటికీ వైపు తిరిగాడు. “పోలేదు,” అన్నాడు.